మంట వెలిగించే ముందు గ్యాసు తీయాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం మొదలైతే చాలు, ఏసీ కంప్రెసర్ పేలి మెకానిక్‌కు గాయాలయ్యాయనో, ఫ్రిజ్ పేలి వంటగది కాలిపోయిందనో వార్తలు వస్తుంటాయి. కారణం దగ్గరికి వచ్చేసరికి ‘షార్ట్ సర్క్యూట్ అని అనుమానిస్తున్నారు’ అన్న ఒక్క వాక్యంతో వార్త ముగుస్తుంది. ఆ యంత్రంలో ఏ గ్యాసు ఉంది, ఆ సమయంలో దానిమీద ఏ పని జరుగుతోంది, గ్యాసు తీశాకే టార్చ్ (రాగి పైపులను మంటతో అతికే బ్రేజింగ్ పనికి వాడే పరికరం) వెలిగించారా, తీయకుండానే వెలిగించారా అన్నది ఎక్కడా కనపడదు. ఫ్రిజ్, ఏసీ సర్వీసు పని నేర్పేవాళ్లుగా మేము వెతికేది ఆ వివరాల కోసమే. అవి తెలిస్తే ఇంకో ప్రమాదం ఆపవచ్చు.

చాలాకాలం మన మెకానిక్‌లు పనిచేసింది మండని గ్యాసులతో. ఏసీల్లోని ఆర్-22 అయినా ఫ్రిజ్‌లలోని ఆర్-134ఎ అయినా ఫ్లేర్ నట్ (పైపుల అతుకును బిగించే నట్టు) వదులుచేసి గదిలోకి వదిలేసి, వెంటనే టార్చ్ వెలిగించినా నిప్పు అంటుకునేది కాదు. వాతావరణానికి అది చేటే, మంటకు తగిలితే విషవాయువులూ పుట్టేవి. కానీ అగ్నిప్రమాదం ఉండేది కాదు. చేతికి అబ్బిన అలవాట్లన్నీ ఆ రోజులవి. ఇప్పుడు దుకాణం నుంచి ఇంటికొచ్చే ఫ్రిజ్‌లో ఎక్కువగా ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. ఇన్వర్టర్ ఏసీల్లో ఎక్కువగా ఆర్-32. ప్రొపేన్, అంటే ఆర్-290 నింపిన స్ప్లిట్ ఏసీలు మన దేశంలో 2012 నుంచే అమ్ముడవుతున్నాయి. కిరాణా కొట్టు ముందున్న కూల్‌డ్రింక్ కూలర్‌లోనూ, ఐస్‌క్రీం డీప్ ఫ్రీజర్‌లోనూ ప్రొపేన్ ఉండవచ్చు.

ఈ గ్యాసులు వద్దని మేము అనడం లేదు. భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 1 అనుకుంటే ఆర్-22కు 1,810, ఏసీల్లోనే వాడే ఆర్-410ఎకు 2,088, ఆర్-32కు 675. ప్రొపేన్, ఐసోబ్యూటేన్‌లకు దాదాపు 3 మాత్రమే. భూమిని వేడెక్కించే ఇలాంటి గ్యాసులను క్రమంగా తగ్గించాలన్న అంతర్జాతీయ ఒప్పందం కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. కొత్త యంత్రాల తయారీలో ఆర్-22 వాడకాన్ని 2025 జనవరి 1 నుంచి ఆపేశారు. కాబట్టి మండే గ్యాసులు ఇంకా పెరుగుతాయి, పెరగాలి కూడా. మారాల్సింది పని పద్ధతి.

ముందు ఇంట్లో ఉండే ఫ్రిజ్ సంగతి. అందులో ఉండే ఐసోబ్యూటేన్ 50, 60 గ్రాములే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. గాలిలో అది ఘనమీటరుకు 43 గ్రాములు, అంటే 1.8 శాతం కలిస్తే అంటుకునే స్థాయికి వస్తుంది. 250 లీటర్ల ఫ్రిజ్ లోపలి చోటు పావు ఘనమీటరు. తలుపు మూసి ఉండగా లోపలి కాయిల్‌కు చిల్లు పడి 11 గ్రాములు కారితే చాలు, ఆ పెట్టె మొత్తం ఆ స్థాయికి చేరుతుంది. ఫ్రిజ్‌లో ఉన్న గ్యాసులో అది అయిదో వంతు. అందుకే ఆర్-600ఎ ఫ్రిజ్‌లలో నిప్పురవ్వ బయటికి రాని థర్మోస్టాట్, లైటు స్విచ్ పెడతారు. అవి పాడైనప్పుడు చవగ్గా వస్తున్నాయని మామూలువి బిగిస్తే, తలుపు తెరిచిన ప్రతిసారీ లోపల ఒక రవ్వ రాలే ఏర్పాటు చేసినట్టే. ఇంకో సంగతి, వంటగ్యాసుకు వాసన కలుపుతారు కాబట్టి కారితే ముక్కుకు తెలుస్తుంది. ఫ్రిజ్‌లో వాడే ఐసోబ్యూటేన్‌కు, ప్రొపేన్‌కు ఆ వాసన ఉండదు. గాలికంటే ఐసోబ్యూటేన్ రెండింతలు, ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు బరువు. కారింది నేలమీద పరుచుకుని మురికినీటి రంధ్రంలోకీ మెట్లకిందికీ పోతుంది. పైనున్న కిటికీ తెరిచి ఉంది కదా అనుకుంటే చాలదు.

పని మొదలుపెట్టే ముందు ప్లేటు చదవాలి. కంప్రెసర్ మీదో, లోపలి గోడమీదో గ్యాసు పేరు, గ్రాముల్లో పరిమాణం ఉంటాయి. పసుపు త్రికోణంలో మంట బొమ్మ ఉంటే సందేహమే లేదు. ఫ్రిజ్‌ను వరండాలోకో డాబామీదికో తేవడం అన్నిటికంటే మంచిది. కుదరకపోతే తలుపులు, కిటికీలు తెరిచి, చుట్టూ రెండు మూడు మీటర్ల మేర నిప్పు లేకుండా చూసుకోవాలి. స్టవ్ మాత్రమే కాదు, పూజ గూట్లో దీపం, అగరుబత్తి, ఇన్వర్టర్ బ్యాటరీ, పక్కగదిలో గీజర్ కూడా లెక్కలోకి వస్తాయి. ప్లగ్గు ముందే పీకేసి, గ్యాసు వదలడం మొదలయ్యాక ఆ గదిలో ఏ స్విచ్చూ ముట్టకూడదు. మండే గ్యాసులను పసిగట్టే డిటెక్టర్ ఆన్ చేసి నేలమీద పెట్టాలి. ఆర్-22కు వాడిన పాత డిటెక్టర్ ఐసోబ్యూటేన్‌ను గుర్తించదు. మంటతో లీకు వెతికే హాలైడ్ టార్చ్‌ను అసలు బయటికే తీయకూడదు. సబ్బునురగ ఎప్పుడూ నమ్మకమైనదే.

కంప్రెసర్ నడుస్తుండగా చార్జింగ్ పైపుకు (గ్యాసు నింపే పైపుకు) చిల్లు పెట్టకూడదు. దీనికి కారణం చాలామందికి తెలియదు. ఆర్-600ఎ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు చల్లని వైపు ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటే తక్కువ. ఆవిరయ్యే చోట సున్నాకు 25 డిగ్రీలు దిగువన ఉంటే దాదాపు 0.6 బార్ మాత్రమే, బయటి గాలి ఒత్తిడి దాదాపు 1 బార్. చిల్లు పెడితే గ్యాసు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. గ్యాసు, గాలి, నూనె కలిసిన మిశ్రమాన్ని కంప్రెసర్ నొక్కడం మొదలుపెడుతుంది. కాబట్టి ఆపి, రెండు వైపులా ఒత్తిడి సమానమయ్యేదాకా ఆగి, అప్పుడు పియర్సింగ్ ప్లయర్ (పైపుకు చిల్లు పెట్టే పట్టకారు) బిగించాలి. దానికి తగిలించిన గొట్టం రెండో కొస ఇంటి బయట, మనుషులు తిరగనిచోట, కిటికీకీ కాలువకీ దూరంగా ఉండాలి. 50, 60 గ్రాముల ఐసోబ్యూటేన్‌ను ఇలా ఆరుబయట నెమ్మదిగా వదలడం వల్ల వాతావరణానికి పెద్ద నష్టం లేదు. అమెరికా పర్యావరణ సంస్థ కూడా ఇంటి ఫ్రిజ్‌లోని ఈ గ్యాసుకు గాలిలోకి వదలరాదన్న నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చింది. అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఉండి, వదలడానికి చోటు లేకపోతే రికవరీ సంచిలోకి ఎక్కించి కిందికి తీసుకుపోవచ్చు.

గేజ్ సున్నా చూపగానే అయిపోయిందనుకుంటారు. ప్రమాదాలకు ఇదే మొదలు. కంప్రెసర్‌లోని నూనె ఐసోబ్యూటేన్‌ను బాగా పీల్చి దాచుకుంటుంది. వ్యాక్యూం పంపుతో లాగాలి. ఆ పంపు నుంచి వచ్చే గాలికీ బయటికి పోయే గొట్టం ఉండాలి. పంపును దాని స్విచ్‌తో కాకుండా, గ్యాసు చేరనంత దూరంలో ఉన్న సాకెట్ దగ్గర ఆన్ చేయాలి. లాగి, పంపు ఆపి, పది నిమిషాలు ఊరుకుంటే ముల్లు మళ్ళీ పైకి లేస్తుంది. అది నూనెలోంచి ఊరిన గ్యాసు. మళ్ళీ లాగాలి. తరువాత పొడి నైట్రోజన్ నింపి బయటికి పోనిచ్చి, ఇంకోసారి లాగి, మళ్ళీ నైట్రోజన్‌తో నింపాలి. అప్పుడు పైపును కట్టర్‌తోనే కోయాలి, టార్చ్‌తో పాత అతుకు కరిగించి విడదీయకూడదు. కోసిన చోట డిటెక్టర్ పెట్టి, అది మోగకపోతేనే బ్రేజింగ్. ఆ బ్రేజింగ్ జరుగుతున్నంతసేపూ పైపులో నైట్రోజన్ సన్నగా పారుతూనే ఉండాలి. మంటే అక్కర్లేకుండా నొక్కి బిగించే లాక్‌రింగ్ అతుకులు కూడా ఉన్నాయి. ఇళ్లలో చేసే పనికి అవే మేలని మా అభిప్రాయం. ఇదంతా కలిపి గంట పైనే పడుతుంది. ఇంటివాళ్లు ఆ గంటకు డబ్బు ఇవ్వడానికి ఒప్పుకోకపోతే మెకానిక్ పది నిమిషాల దారి వెతుక్కుంటాడు.

ఏసీల దగ్గర లెక్క వేరు. ఆర్-32 గాలిలో 14 శాతం దాటితే గాని అంటుకోదు, చిన్న రవ్వకు లొంగదు. అందుకే దాన్ని తక్కువగా మండే తరగతిలో పెట్టారు. అయినా టార్చ్ మంట ముందు అది మండుతుంది, మండినప్పుడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. ఊపిరితిత్తులను, కళ్లను కాల్చే వాయువది. కిలోకు అటూఇటూగా ఉండే ఈ గ్యాసును గాలిలోకి వదలడానికి వీల్లేదు. అది 600 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. రికవరీ మిషన్‌తో సిలిండర్‌లోకి ఎక్కించాల్సిందే. ఆ మిషన్ మండే గ్యాసులకు తగినదని తయారీదారు రాసి ఉండాలి. పాత ఆర్-22 మిషన్‌లో స్విచ్చులు, రిలేలు, ప్రెషర్ కటౌట్ అన్నీ తెరిచి ఉండి రవ్వలు రాలుస్తాయి. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో సొంతంగా తయారుచేసుకున్న మిషన్ల గురించి చెప్పనక్కర్లేదు.

గొట్టాలు పొట్టిగా, కొసన బాల్ వాల్వుతో ఉండాలి. సిలిండర్‌ను ముందు వ్యాక్యూం చేసి, తూకం మీద పెట్టి, మిషన్‌కు ఎర్తింగ్ చూసుకుని మొదలుపెట్టాలి. ఒత్తిడి గాలి ఒత్తిడికి కాస్త దిగువకు వచ్చాక ఆపి, అయిదు పది నిమిషాలు చూడాలి. పెరిగితే మళ్ళీ లాగాలి. ఇన్వర్టర్ ఏసీలో గ్యాసు పారకాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కరెంటు పోయినప్పుడు మూసుకుని ఉంటే కండెన్సర్ వైపు గ్యాసు అక్కడే చిక్కుకుపోతుంది. సర్వీసు పోర్టు దగ్గర గేజ్ ఖాళీ అని చెబుతున్నా అవతల నిండుగా ఉండవచ్చు. లీకైన యంత్రం నుంచి లోతైన వ్యాక్యూం దాకా లాగడం కూడా తప్పే. చిల్లు గుండా గాలి వచ్చి సిలిండర్‌లో చేరుతుంది. గాలి చేరిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. సిలిండర్‌ను నీడలో రాత్రంతా ఉంచి ఉదయం ఒత్తిడి చూడండి. స్వచ్ఛమైన ఆర్-32 అయితే 30 డిగ్రీల దగ్గర గేజ్ 265 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి కొలత) చుట్టుపక్కల చూపాలి. అంతకంటే బాగా ఎక్కువుంటే లోపల గాలో, వేరే గ్యాసో ఉన్నట్టే.

ఇల్లు మారేటప్పుడు చేసే పంప్ డౌన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో రోజూ జరిగే పని ఇది. ఆలెన్ కీతో లిక్విడ్ వైపు వాల్వు మూసి, కంప్రెసర్ నడిపి, గ్యాసంతా అవుట్‌డోర్ యూనిట్‌లోకి చేరాక రెండో వాల్వు మూస్తారు. పద్ధతి మంచిదే. కాని లీకున్న ఏసీకి పంప్ డౌన్ చేయకూడదు. సున్నా దాటాక కూడా కంప్రెసర్ నడుస్తుంటే, చిల్లు గుండానో వదులైన ఫ్లేర్ గుండానో గాలి లోపలికి లాగబడుతుంది. గాలినీ నూనె ఆవిరినీ కంప్రెసర్ నొక్కుతూ పోతే వేడి పెరిగి, డీజిల్ ఇంజన్‌లో జరిగినట్టే స్పార్క్ లేకుండా అంటుకుంటుంది. కంప్రెసర్ డొప్ప పగిలి బాంబు ముక్కల్లా ఎగురుతుంది. గ్యాసు మండనిదైనా ఇది జరుగుతుంది, నూనె చాలు. ముల్లు సున్నాకు రాబోతుండగానే వాల్వు మూసి, అదే క్షణంలో మెయిన్ ఆపాలి. రిమోట్‌తో ఆపి ఊరుకుంటే చాలదు. కంప్రెసర్ తిరుగుతుండగా ఫ్లేర్ నట్ మీద స్పానర్ పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. లీకుందన్న అనుమానం ఉంటే పంప్ డౌన్ మాట వదిలేసి, రికవరీ మిషన్ తేవాలి.

దీనికి తోడు ఇంకో దురలవాటు. లీకు పరీక్షకు నైట్రోజన్ తేలేదని, బ్రేజింగ్ కోసం ఉన్న ఆక్సిజన్ సిలిండర్‌తోనే ఒత్తిడి పెట్టడం. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్, కంప్రెసర్ నూనె కలిస్తే నిప్పు అక్కర్లేదు. గ్యాసు మిగిలున్న పైపులో ఇది ఇంకా ఘోరం. నైట్రోజన్ సిలిండర్ లేని రోజున ఆ పని వాయిదా వేయాలి, అంతే.

తీసిన గ్యాసును పెట్టే సిలిండర్ దగ్గర కిలోల లెక్క తప్పితే అంతే ప్రమాదం. ద్రవం ఎండకు వ్యాకోచిస్తుంది కాబట్టి లోపల ఖాళీ ఉండాలి, 80 శాతం దాటి నింపకూడదు. కాని కిలోల్లో ఆ 80 శాతం ఒక్కో గ్యాసుకు ఒక్కోలా ఉంటుంది. ఆర్-22 లీటరుకు దాదాపు కిలో పట్టేది. ఆర్-32ను మన ఎండల్లో లీటరుకు 700 గ్రాములు దాటనివ్వకూడదు. ప్రొపేన్ 420 గ్రాములే. ఇంట్లో వంటగ్యాసు బండ చూడండి. లోపలి చోటు 33.3 లీటర్లు, నింపేది 14.2 కిలోలు, అదే నిష్పత్తి. పది లీటర్ల సిలిండర్‌లో పది కిలోలు నింపడం అలవాటైన చెయ్యి ప్రొపేన్‌తోనూ అదే చేయబోతే, అంకె సగానికి రాకముందే సిలిండర్ ద్రవంతో నిండిపోతుంది. ఇక ఎండ తగిలితే పగలడమే. ఒత్తిడిలోనూ తేడా ఉంది. 50 డిగ్రీల దగ్గర ఆర్-22 ఒత్తిడి 267 పీఎస్ఐ అయితే ఆర్-32ది 440. కాబట్టి పాత ఆర్-22 సిలిండర్ దీనికి పనికిరాదు. ఒక్కసారి వాడి పారేయాల్సిన సిలిండర్‌ను మళ్ళీ నింపకూడదు. పెసో (పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ) ఆమోదం, పరీక్ష తేదీ ముద్ర ఉన్నదే వాడాలి. ఆర్-32తో ప్రొపేన్‌ను, ఐసోబ్యూటేన్‌తో ఆర్-134ఎను ఒకే సిలిండర్‌లో కలపకూడదు. కలిస్తే అది ఎవరికీ పనికిరాని, ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేని సరుకు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో నిండు సిలిండర్‌ను మూసిన వ్యానులో పెట్టి భోజనానికి వెళ్లడం ఎంత ప్రమాదమో ఈ అంకెలే చెబుతాయి. నిలువుగా, కట్టి, తెరిచిన బండిలో, నీడన తీసుకుపోవాలి. సెల్లార్‌లో దాచకూడదు.

ప్లేటు కూడా అన్నిసార్లూ నిజం చెప్పదు. ఆర్-134ఎ ఫ్రిజ్‌లో ఎవరో ఐసోబ్యూటేన్ నింపి ఉంటారు, ఆర్-22 ఏసీలో ప్రొపేన్ ఎక్కించి ఉంటారు, కొందరు వంటగ్యాసే నింపుతారు. మండే గ్యాసు కోసం తయారుకాని యంత్రంలో రిలేలు, స్విచ్చులు దానికి తగ్గవి కావు. ముందు ఎవరైనా గ్యాసు నింపిన యంత్రమని తెలిస్తే, ప్లేటు మీద ఏమున్నా సరే, లోపలిది మండుతుందనే అనుకుని పని చేయాలి. నింపినవాళ్లు తారీకు, గ్యాసు పేరు, గ్రాములు రాసిన స్టిక్కర్ అంటించి వెళ్లాలి. ఇంటివాళ్లు ఆ స్టిక్కర్ అడిగి అంటింపించుకోవాలి.

చివరికి అన్నీ చేరేది పాత సామాను కొట్టుకే. రాగి కోసం పైపులు నరికేటప్పుడు గదినిండా గ్యాసు పరుచుకుంటుంది. పక్కనే గ్యాస్ కట్టర్ మండుతుంటుంది. నూనెలో ఐసోబ్యూటేన్ నిలిచి ఉన్న కంప్రెసర్ డొప్పను కట్టర్‌తో కోస్తారు. ఫ్రిజ్ గోడల్లోని నురుగును చాలావరకు సైక్లోపెంటేన్‌తో తయారుచేస్తారు. అదీ మండేదే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల్లో ఫ్రిజ్‌లు, ఏసీలు ఉన్నాయి, అవి రిజిస్టరైన రీసైక్లర్లకు చేరాలి. కాని వీధిలో తోపుడుబండివాడు తూకంవేసి తీసుకుపోయే ఫ్రిజ్ ఆ దారిన పోదు. అందుకని మున్సిపల్ కార్పొరేషన్లను కోరేదొకటే. పాత సామాను నిలవచేసే ప్రతి పేటలోనూ ఒక రికవరీ మిషన్, ఒక డిటెక్టర్, ఒక నైట్రోజన్ సిలిండర్, వాటిని వాడటం వచ్చిన ఒక మనిషిని పెట్టండి. రెండేళ్ల ఏసీ మెకానిక్ కోర్సు చేసిన ఐటీఐ పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. గ్యాసు తీసినట్టు చీటీ లేని ఫ్రిజ్‌ను, ఏసీని, కంప్రెసర్‌ను కటింగ్‌కు పెట్టరాదని ఆ కొట్ల ట్రేడ్ లైసెన్సులోనే షరతు రాయండి.

మీ విలేకరులకూ ఒక మనవి. ఈసారి ఇలాంటి ప్రమాదం జరిగిన చోటికి వెళ్లినప్పుడు యంత్రం ప్లేటు ఫొటో తీయండి, గ్యాసు పేరు వార్తలో రాయండి, అప్పుడు గ్యాసు నింపుతున్నారా, తీస్తున్నారా, పంప్ డౌన్ చేస్తున్నారా అని అడగండి, అక్కడున్న సిలిండర్ నైట్రోజన్‌దా ఆక్సిజన్‌దా చూడండి.

ఇట్లు,
ఫ్రిజ్, ఏసీ సర్వీసు పని నేర్పే బోధకులు,
విజయవాడ.